కిరాయి కుండీల్లో ముక్కుపురుగు

ముక్కుపురుగు అనగానే మీకు బియ్యం డబ్బా గుర్తొస్తుంది. మా ఆవిడకీ అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కొత్తగా కాపురం పెట్టినప్పుడు పక్కవాటావాళ్లు "మీవారు ఏం చేస్తారండీ" అని అడిగితే, "పురుగుల్ని చూస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. వాళ్లు చాలాకాలం నేనేదో కిరాణా గోదాములో పనిచేస్తున్నాననుకున్నారు. నిజానికి నాది మొక్కల రక్షణ విభాగంలో ఉద్యోగం. పంటకో తోటకో నర్సరీకో ఏ పురుగు పట్టిందో చూసి చెప్పడం, అది పక్కకు పాకకుండా ఆపడం మా పని. ఎంత గొప్పగా చెప్పుకున్నా, మా ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో గుండె దడదడలాడేంత సంబరం కలిగిన సందర్భాలు ఎక్కువ లేవు. ఉన్నవాటిలో పెద్దది మా ఇంటికి దగ్గర్లోనే, ఎల్బీ నగర్ దాటాక జరిగింది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం రాస్తున్నాను గానీ, పురుగంటే జడుసుకునేవాళ్లు చదివినా భయం లేదు. ఇది మనిషి జోలికి రాదు. ఎగరను కూడా ఎగరలేదు. ఎగరలేని పురుగు మమ్మల్ని ఊరంతా ఎలా పరుగెత్తించిందో చెబుతాను.

మెట్రో రైలు ఎల్బీ నగర్ దాకా వచ్చిన కొత్త రోజులు. ఎండలు ముదురుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం, మేం అన్నాల డబ్బాలు విప్పుతుండగా, ఒకామె చంకలో పూలకుండీ పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మొక్కల దవాఖాన ఇదేనా సారూ?"

మా ఆఫీసుకు అంత చక్కని పేరు అంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఇదేనమ్మా, రమ్మన్నాను. ఆమెది నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఎవరెవరి ఇళ్లలోనో మొక్కలకు నీళ్లు పోసే పనితో మొదలుపెట్టి, ఎల్బీ నగర్ నుంచి నాదర్‌గుల్ పోయే దారిలో సొంతంగా నర్సరీ నిలబెట్టుకుంది. భర్త లేడు. ఇల్లు, పిల్ల చదువు, అన్నీ ఆ నర్సరీ మీదే.

"నీళ్లు పోస్తున్న, ఎరువు పెడుతున్న. అయినా వాడిపోతున్నయ్. పట్టుకుంటే చాలు, ఊడొస్తున్నయ్," అంటూ మొక్కను రెండు వేళ్లతో పట్టి లేపింది. జుట్టుకు పెట్టుకున్న పువ్వు ఊడినంత తేలిగ్గా వచ్చేసింది. కింద ఒక్క వేరు లేదు.

అది సైక్లమెన్ అనే చలిదేశపు పూలమొక్క. గులాబీ రంగు పూలు, దళసరి ఆకులు. ఆకుల అంచులు కండక్టరు చింపిన టికెట్టులా గాట్లు గాట్లుగా ఉన్నాయి. నా సహోద్యోగి ఒకాయన, ఫీల్డు అసిస్టెంటు, పాత పేపరు పరిచి కుండీని బోర్లించాడు. వయసులో నాకన్నా కాస్త చిన్న, మాటల్లో నాకన్నా చాలా పెద్ద. మట్టిలోంచి మీగడ రంగు పిల్లపురుగులు, గోధుమరంగు తలలతో, ఒళ్లు వంచుకుని బయటపడ్డాయి.

"ఏమున్నది సార్, వేరుపురుగు," అన్నాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ. పురుగులు చూస్తూ అన్నం తినడం మాకు అలవాటే.

నేను భూతద్దం పెట్టి చూశాను. వేరుపురుగుకు ఛాతీ దగ్గర ఆరు కాళ్లుంటాయి. దీనికి ఒక్క కాలు లేదు. కాళ్లులేని పిల్లపురుగు అంటే ముక్కుపురుగుల వంశం. మన దగ్గర చల్లదేశపు మొక్క వేళ్లు తినే ముక్కుపురుగు ఏముంటుంది? నా డబ్బా అక్కడే మూతపడింది.

"అమ్మా, నర్సరీకి పోదాం పదండి."

"ఇప్పుడేనా? తినున్రి సారూ ముందు."

తినలేదు. ఎవరైనా తింటారా.

నర్సరీలో రెండు భాగాలున్నాయి. ఆరుబయట నీడవల కింద క్రోటన్లు, గులాబీలు, మందారాలు, ఈతచెట్టును పోలిన అలంకారపు మొక్కలు. వెనక ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్డు ఒకటి. ఒక గోడంతా నీళ్లతో తడిసే అట్టలు, ఎదుటి గోడకు పెద్ద పెద్ద ఫ్యాన్లు. దాన్ని ఆమె కూలర్ షెడ్డు అంటుంది. బయట ఎండకు కళ్లు బైర్లు కమ్ముతుంటే లోపల అడుగుపెట్టగానే డిసెంబరు నెలలోకి వచ్చినట్టయింది. సైక్లమెన్లు, బిగోనియాలు వరసలు కట్టి ఉన్నాయి. ఎక్కడో విదేశం నుంచి తెప్పించే వ్యాపారి దగ్గర కొన్న మొక్కలవి.

కుండీలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ పోయాను. ఒక కుండీ అంచు మలుపు కింద, నీడలో, నల్లగా ఒకటి నక్కి ఉంది. పట్టుకోగానే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటించింది. చింతగింజలో సగం కూడా లేదు. నల్లటి వీపు మీద పసుపు చల్లినట్టు చిన్న చిన్న మచ్చలు. పొట్టి, మొద్దు ముక్కు. మోచెయ్యి మడిచినట్టు వంగిన మీసాలు. గుండుసూదితో రెక్కల డిప్పలు విప్పబోతే రాలేదు. రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూశాను. యూరప్‌లో ద్రాక్ష తోటల్ని, పూలకుండీల్ని, స్ట్రాబెర్రీ మళ్లని పీడించే నల్ల ముక్కుపురుగు. పగలు దాక్కుంటుంది, చీకటి పడ్డాక ఆకుల అంచులు కొరుకుతుంది. దాని పిల్లలు మట్టిలో ఉండి వేళ్లు తింటాయి. బతికున్నదాన్ని ఎన్నడూ చూడలేదు, చూస్తానని అనుకోనూలేదు. అది నాదర్‌గుల్ దారిలో నా అరచేతిలో కాళ్లు కదుపుతోంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. మా సహోద్యోగి భుజం పట్టుకుని ఊపేశాను. "చూడవయ్యా, చూడు, రెక్కలు అతుక్కున్నాయి చూడు," అంటున్నాను.

"మీరు నవ్వుతున్నరేంది సారూ?" అంది ఆమె.

ఆ మాటతో ఆగాను. నా మొహం చూసి ఆమె మొహం పాలిపోయింది. డాక్టరు స్కానింగు చూసి సంబరపడిపోతే రోగి ఎలా చూస్తాడో అలా చూస్తోంది.

"కొత్త పురుగమ్మా. మన దేశంది కాదు."

"కొత్తదైతే ఏం జేస్తరు?"

ఏం చేస్తారో నాకు తెలుసు. విదేశీ పురుగు కొత్తగా కనబడితే, అది పాతుకుపోకముందే ఆ చోట ఉన్న మొక్కలన్నీ మట్టితో సహా తగలబెట్టిస్తారు. కూలర్ షెడ్డే కాదు, నర్సరీ మొత్తం. ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. విని, మందారాల వైపు చూసింది. వాటిని కొమ్మ కొమ్మగా నాటి పెంచింది తనే.

"బయటియి గూడనా?"

"ఇంకా ఏమీ తేలలేదు. ప్రస్తుతానికి ఈ షెడ్డులోంచి ఒక్క మొక్క కూడా అమ్మొద్దు."

సరేనంది. తల పైన నాదర్‌గుల్ నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి గీపెడుతూ పోయింది. నేను సీసాలో పురుగును పెట్టుకుని, దారంతా ఒడిలో పట్టుకుని ఆఫీసుకొచ్చాను. సంబరమూ తగ్గలేదు, ఆమె మందారాల వైపు చూసిన చూపూ వదల్లేదు.

మా పెద్దసారు నెమ్మదైన మనిషి. ఏ కాగితం మీదా రెండుసార్లు చదవకుండా సంతకం పెట్టరు. సీసాను వెలుతురులో పెట్టి చూసి, "మగదెక్కడ?" అన్నారు.

"ఇంకా దొరకలేదు సార్."

"మగపురుగు కూడా దొరికితే సంతతి ఉన్నట్టు లెక్క. అప్పుడు పైకి రాద్దాం. లేకపోతే పిల్లపురుగులతో సహా ఆ మొక్కలతో పాటే దిగుమతైన పురుగు, నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. దీపపు ఎర పెట్టండి."

నాకూ సబబుగానే తోచింది. ఏ పురుగునైనా మేం పట్టే పద్ధతి అదే, ఆడామగా లెక్క చూసే పద్ధతీ అదే. షెడ్డులో దీపం కింద నీళ్ల తొట్టి పెట్టాం. వారమంతా ఆ తొట్టిలో ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఉన్న దోమలు, ఈసుళ్లు, పేడపురుగులు అన్నీ పడ్డాయి, మా ముక్కుపురుగు తప్ప. రెక్కలు విప్పలేని దానికోసం దీపం పెట్టామన్న సంగతి ముందుగా నా సహోద్యోగికే వెలిగింది. "సార్, ఇది నడిచి నడిచి దీపం దాకా ఎక్కాల్నంటే నిచ్చెన వెయ్యాలె," అన్నాడు.

దాంతో పద్ధతి మార్చాం. గరుకు అట్టపెట్టెలు చింపి ముక్కలు చేసి కుండీల మొదళ్ల చుట్టూ చుట్టాం. పగలు దాక్కోడానికి దానికి ఇరుకు సందులు కావాలి, అట్ట ముడతలు సరిగ్గా అలాగే ఉంటాయి. పొద్దున్నే వెళ్లి విప్పితే ఉన్నాయి. దొరికినవాటిని తెచ్చి కోసి చూస్తే ఒకటి ఆడది, రెండోదీ ఆడదే, మూడోదీ ఆడదే. "మహిళా సంఘం లెక్కుంది సార్, మొగోడు కానొస్తలేడు," అన్నాడు మా వాడు. నేను మగదాని కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం నా పాత సహాధ్యాయి ఫోన్ చేశాడు. పురుగుల జాతులు గుర్తించడంలో దిట్ట, వేరే ఊళ్లో ఉంటాడు. పురుగు ఫోటోలు అతనికే పంపాను. జాతి నేననుకున్నదే అన్నాడు. మగది ఎలా ఉంటుందో చెప్పరా, దొరకడం లేదు, అన్నాను. అవతల చాలాసేపు నవ్వాడు.

"మగదాని కోసం వెతుకుతున్నావా? అందులో మగదాన్ని చూసినవాడు లేడురా. అన్నీ ఆడవే. తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. మళ్లీ అన్నీ ఆడపిల్లలే. ఒక్కటి తప్పించుకుంటే చాలు, వందల్లో గుడ్లు పెట్టేస్తుంది."

ఎంత అద్భుతమైన జీవం. రెక్కలు విచ్చుకోవు, మగతోడు అక్కర్లేదు, ఒక్కతే బయల్దేరి ఖండాలు దాటి ఒక వంశాన్ని మొదలుపెట్టగలదు. ఆ మాట మా ఆవిడకు చెబితే, "బాగానే ఉంది దాని పని," అంది. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. మగది దొరకలేదు గనక ప్రమాదం లేదని మేం కూర్చున్నాం. దానికి మగదే అక్కర్లేదు. మా సహోద్యోగికి ఫోన్ చేసి నర్సరీకి రమ్మన్నాను.

వెళ్లేసరికి కూలర్ షెడ్డు సగం ఖాళీగా ఉంది.

"కుండీలు ఏవమ్మా?"

"పోయినయ్ సారూ."

"అమ్మొద్దని చెప్పాను కదా."

"అమ్మలే. కిరాయికి ఇచ్చిన," అంది, ఇందులో తప్పేముందన్నట్టు.

మాకెవరికీ ఆ సంగతి తోచలేదు. ఆ వైపు నర్సరీల బతుకే కిరాయి కుండీలతో నడుస్తుంది. ఫంక్షన్ హాల్లో పెళ్లి, చర్చిలో పండగ, కోచింగ్ సెంటరు ప్రారంభం, ఎక్కడ వేదిక కడితే అక్కడికి పూలకుండీలు ఒక్క రోజుకు పోయి మర్నాడు తిరిగి వస్తాయి. ఈ చలిమొక్కల్ని ఆమె ఎవరికీ అమ్మదట. ఇళ్లలో పెడితే వారం బతకవు, నా పేరు చెడుతది, అంది. ఇక లెక్క చూడండి. పురుగు ఎగరలేదు సరే. కుండీలు ట్రాలీ ఆటో ఎక్కి ఊరంతా తిరుగుతున్నాయి.

"ఇప్పుడెక్కడున్నాయి?"

"రేపు ఈస్టరు గదా, సరూర్‌నగర్ కాడ మా చర్చికి కొన్ని. అవి కిరాయి గూడ గాదు, ఉత్తగనే ఇచ్చిన. ఎల్బీ నగర్‌ల పెళ్లికి కొన్ని. దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగోళ్లకు కొన్ని." ఆగి అంది, "సారూ, ఆ పురుగు బయటికి పోయిందంటే మొత్తం కాలవెడతరు గదా?"

"పోలేదని చూపిస్తే, కాల్చొద్దని పైవాళ్లను అడగొచ్చు."

"అయితే పొద్దున్నే పోదాం పాన్రి. కానీ ప్రార్థన నడుమ మాత్రం ముట్టుకోవద్దు."

ఆదివారం తెల్లవారక ముందే వాళ్ల చర్చిలో ఆరాధన మొదలైంది. మేం చేరేసరికి బాగా పొద్దెక్కింది. లోపల తెల్లబట్టల్లో జనం, వేదిక చుట్టూ మా సైక్లమెన్లు. నేనూ నా సహోద్యోగీ చివరి బెంచీలో కూర్చున్నాం. ఆయన చేతులు జోడించుకున్నాడు గానీ కళ్లు మాత్రం కుండీల మీదే. ఆమె పాడుతోంది, పాడుతూనే మధ్యమధ్యలో మా వైపు తిరిగి చూస్తోంది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మైకు దగ్గరికి వెళ్లి, "మన అక్క మొక్కలకు జబ్బు చేసింది. తలా ఒకటి జాగ్రత్తగా బండి కాడికి చేర్చున్రి," అన్నారు. జనమంతా కుండీలు చేతబట్టి వరసగా బయటికి నడిచారు. ఒక ముసలామె కుండీని గుండెకు హత్తుకుని, "జబ్బేంది బిడ్డా, మంచిగనే ఉన్నది," అంటూ నా చేతికిచ్చింది. కుండీలన్నీ లెక్కకు సరిపోయాయి. అంచుల మలుపుల కింద చూస్తే పురుగు లేదు. కుండీలు పెట్టిన నేలా, వేదిక వెనకా కూడా వెతికాం, లేవు.

పెళ్లి హాల్లో అంత తేలిగ్గా కాలేదు. ఎల్బీ నగర్ కూడలికి దగ్గర్లో పెద్ద ఏసీ హాలు. ఆడపెళ్లివారు గోదావరి జిల్లాల వాళ్లు, మా వైపు మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్లికూతురి బాబాయి అడ్డం పడ్డాడు.

"ముహూర్తం ఇంకా అరగంట ఉందండీ. వేదిక మీద కుండీలు తీసేస్తారా? ఫోటోల్లో బోసిగా పడదూ?"

నా సహోద్యోగి "అది గాదు సార్, దాంట్ల పురు—" అనబోయాడు. కాలు తొక్కాను. పక్కనే వడ్డనలు సాగుతున్నాయి. ఆ మాట బంతిలో పడితే విస్తళ్లన్నీ లేచిపోతాయి, వంటవాళ్ల గతి ఏమవుతుందో ఊహించుకోండి.

"మొక్కలకు ఎండదెబ్బండీ. వైద్యం చేయించాలి," అన్నాను.

"తాళి కట్టేశాక మొత్తం పట్టుకెళ్లి ఆస్పత్రిలో చేర్పించుకోండి మాస్టారూ. ఈలోగా భోంచెయ్యండి."

భోంచేశాం. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ కూర. ఆమె మాత్రం తినలేదు. వేదిక మెట్ల పక్కన నిలబడి తాళి కట్టేదాకా కుండీల మీంచి చూపు తిప్పలేదు. అక్షింతలు పడగానే ముగ్గురం ఎగబడి కుండీలు ఎత్తాం. ఆమె వంగి వేదిక కింద గుడ్డ పైకెత్తి కూడా చూసింది. లెక్క సరిపోయింది, పురుగు అక్కడా లేదు.

ఇక మిగిలింది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరు. కొత్త శాఖ తెరిచారు. ఆదివారమైనా మెట్లనిండా పిల్లలు, పుస్తకాల సంచులు. కుండీలన్నీ గుమ్మం దగ్గర వరండాలో ఎండలో ఉన్నాయి, పూలు వేలాడిపోయాయి. అంచుల కింద పురుగు లేదు గానీ, లెక్కపెడితే కుండీ ఒకటి తక్కువ.

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. "సారూ, ఒకటి లేదు."

ఒక్కటే చాలు కదా. దానికి తోడు అక్కర్లేదు. కొత్తగా చేరిన పిల్లలు చదువుతున్నారు గనక చెబుతున్నాను, ఉద్యోగంలో ఒకటి తక్కువ అనే మాట ఎంత బరువుగా ఉంటుందో ఆ వరండాలో తెలిసింది. గదిగదికీ తిరిగాం. లెక్కల క్లాసు ఆపించి బల్లల కింద వెతికాం. ఆఖరికి డైరెక్టరుగారి గదిలో, ఏసీ చల్లగా కొడుతుండగా, ఆయన బల్ల మీద దర్జాగా ఉంది.

"బాగుందని లోపల పెట్టించానండీ," అన్నాడాయన.

కుండీని రెండు చేతులా ఎత్తాను. అంచు మలుపు కింద ఉంది. ఒక్కటే, నల్లగా, కాళ్లు ముడుచుకుని. సీసాలోకి దింపి మూత బిగించాక నవ్వు ఆగలేదు. ఈసారి ఆమె కూడా నవ్వింది. ఏం దొరికిందని డైరెక్టరుగారు అడిగితే మా వాడు, "మీ కాడ చేరడానికి ఒచ్చింది సార్, సీటు లేదని తీస్కపోతున్నం," అన్నాడు.

ట్రాలీలో తిరిగి వస్తుంటే, కర్మన్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఒక సంగతి నా బుర్రలో తిరగడం మొదలైంది. వరండాలో ఎండకు ఉన్న కుండీల్లో ఒక్క పురుగు లేదు. ఏసీ గదిలో ఉన్నదాంట్లో ఉంది. ఆ పురుగు చలిదేశపు బిడ్డ. చల్లటి నేల, తడి మట్టి ఉంటేనే గుడ్డు పగులుతుంది, పిల్ల బతుకుతుంది. మన ఏప్రిల్, మే నెలల మట్టి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆరుబయట నర్సరీలో అది బతికే దారి ఉందా?

నర్సరీకి రాగానే మందారాలు, గులాబీలు, క్రోటన్లు వరసకు కొన్ని చొప్పున కుండీలోంచి తీసి చూశాం. వేళ్లు తెల్లగా, నిండుగా ఉన్నాయి. ఆకుల అంచుల మీద గాటు లేదు. ఆ తర్వాత రెండు రోజులు ఇంకా వెతికాం. కూలర్ షెడ్డు తలుపు దాటాక ఎక్కడా లేదు.

పెద్దసారు ముందు కూర్చుని ఇదంతా చెప్పాను. ఆయన అలవాటు ప్రకారం రెండుసార్లు విన్నారు. "నిబంధన ప్రకారం మొత్తం కాల్చడమే కదయ్యా," అన్నారు.

"బయటి మొక్కల్ని కాల్చక్కర్లేదు సార్. ఎండ కాపలా ఉంది. షెడ్డు ఒక్కటి ఖాళీ చేస్తే చాలు."

"మళ్లీ కనబడితే?"

"నేనే జవాబు చెప్పుకుంటాను. రాసిస్తాను."

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "పదవీ విరమణ ముందు ఇదేం సరదా నీకు?" అన్నారు. కానీ ఒప్పుకున్నారు. ఆయన కూడా నా కాగితం మీద సంతకం పెట్టారు, ఈసారి ఒక్కసారే చదివి. ఆ మనిషి మీద ఆ క్షణంలో పొంగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

షెడ్డులో మందు కొట్టలేదు, నిప్పు పెట్టలేదు. ఊరంతా తిరిగొచ్చిన కుండీలన్నీ లోపల చేర్చాం. నీళ్లు ఆపి, ఫ్యాన్లు ఆపి, తలుపు బిగించి, ఎండను పని చేయనివ్వడమే మా ఉపాయం. ప్లాస్టిక్ కప్పు కింద లోపల వేడి ఎంత పెరుగుతుందో కారు అద్దాలు మూసి ఎండలో నిలిపినవాళ్లకు తెలుస్తుంది. పురుగుతో పాటు ఆ చలిమొక్కలూ పోతాయి. ఆ సంగతి ఆమెకు చెప్పాను. మా వాడు స్విచ్చు దగ్గరికి పోబోతే ఆపింది.

"నేనే బంద్ చేస్త."

ఒక్కో ఫ్యాను ఆగుతుంటే ఆ షెడ్డులో హోరు తగ్గుతూ వచ్చింది. చివరిది ఆగాక ఎంత నిశ్శబ్దమంటే, గోడ మీది తడి అట్టల్లోంచి నీటి చుక్కలు పడటం వినిపించింది. ఆమె లోపలికి ఒకసారి చూసి తలుపు వేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఎండల పుట్టి ఎండల పెరిగినోళ్లం సారూ. మన ఎండనే మనల్ని కాపాడాలె," అంది. పక్కనే ఉన్న మందారాలకు నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

మే నెల ఎండలు దాటి, వానలు పడ్డాక షెడ్డు తెరిచాం. ఎండిన మట్టిని జల్లెడ పట్టాం. చచ్చినవి దొరికాయి, బతికినది లేదు. ఎరగా కొన్ని బిగోనియాలు పెట్టి, అట్టముక్కలు చుట్టి, చలికాలమంతా చూశాం. మరుసటి ఏడాదీ చూశాం. అట్టల్లో సాలీళ్లు, జెర్రులు తప్ప ఏమీ లేవు. పెద్దసారు ఆ ఫైలు మూసేసిన రోజు నేను ఆఫీసంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. మా సహోద్యోగి ఒక బజ్జీ ఎక్కువ తిన్నాడు, మగపురుగు వాటా అని.

ఆమె మళ్లీ కూలర్ నడపలేదు. ఆ షెడ్డు మీద ప్లాస్టిక్ తీసేసి నీడవల కప్పించి, మన ఎండకు ఓర్చే మొక్కలే కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది.

నేను రిటైరయ్యాక కూడా ఒక జబ్బు వదల్లేదు. ఎక్కడ పూలకుండీ కనబడినా వంగి అంచు కింద వేలు పెట్టి చూస్తాను. ఆస్పత్రి వరండాలో, మెట్రో స్టేషన్లో, ఎవరి గృహప్రవేశానికి పోయినా అంతే. "నలుగురిలో కుండీలు ఎత్తడమేంటండీ, దొంగనుకుంటారు," అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతుంది.

ఈమధ్య ఎల్బీ నగర్‌లో ఒక పెళ్లికి వెళ్లాం. హాల్లో వేదిక పక్కన క్రోటన్ కుండీలు బారు తీరి ఉన్నాయి. మా ఆవిడ చుట్టాలతో మాటల్లో పడగానే మెల్లగా జారుకుని, మొదటి కుండీ దగ్గర వంగాను. వరస చివర ఇంకెవరో వంగి ఉన్నారు. జుట్టు నెరిసింది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక కుండీని పక్కకు ఒరిగించి, అంచు కింద వేలు పెట్టి తడుముతోంది.

నన్ను చూసి కుండీ దించింది.

"ఆ కొసకెళ్లి అన్నీ చూసిన సారూ, ఏం లేవు," అంది. "మీ దిక్కు నాలుగు మిగిలినయ్. మీరే చూడున్రి."